ఆటోమేటిక్ కారు కొనేముందు లోపల ఏ గేర్‌బాక్స్ ఉందో అడుగుర్రి: టార్క్ కన్వర్టర్, ఏఎంటీ, సీవీటీ, డీసీటీల ఏది ఎవరికి

హన్మకొండల ఇప్పుడు కారు కొనేటోళ్లల్ల చానమంది ఆటోమేటిక్ కావాలనే అంటున్నరు, మోకాళ్ల నొప్పులున్నోళ్లు, కొత్తగ డ్రైవింగ్ నేర్సుకున్న ఆడవాళ్లు, రోజూ కాజీపేట నుంచి వరంగల్ దాక పోయొచ్చే ఉద్యోగులు, అందరు. మంచిదే. కానీ షోరూంల "ఆటోమేటిక్ సార్, క్లచ్ ఉండదు" అని ఒక్క ముక్కతోని కథ ముగిస్తరు, లోపల ఏ రకం గేర్‌బాక్స్ డబ్బా ఉందో వాళ్లు చెప్పరు మనం అడగం. ఆ ఒక్క పేరు కింద నాలుగు వేరే వేరే మిషన్లు అమ్ముతున్నరు, వాటి రేటు వేరు, నడిచే తీరు వేరు, ఎండకు జామ్‌కు తట్టుకునే శక్తి వేరు, ఐదారేళ్ల తర్వాత వచ్చే ఖర్చు అసలే వేరు.

నా మాట ముందే చెప్తున్న. బండి కొన్నంక ఎనిమిది పదేళ్లు ఉంచుకునేటోళ్లు, ఇంటిల్లిపాదిని ఎక్కించుకొని మే నెల ఎండల పెండ్లిళ్లకు, జాతరకు పోయేటోళ్లు, బడ్జెట్ అందితే టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ తీసుకోర్రి. మిగిలిన మూడు చెడ్డయని కాదు, వాటికి తగ్గ మనుషులు, వాటికి తగ్గ రోడ్లు ఉన్నయి. ఎందుకు ఇట్ల అంటున్ననో అర్థం కావాలంటే లోపల ఏం జరుగుతదో జర తెలవాలె, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువనే రాస్తున్న.

మన దగ్గర తిరిగే మారుతి, హ్యుందాయ్, టాటా, కియా చిన్న కార్లల్ల దాదాపు అన్నిట్ల ఇంజన్ అడ్డంగ కూసుంటది, ముందు టైర్లే బండిని గుంజుతయి. అట్లాంటి బండ్లకు గేర్‌బాక్స్, ఫైనల్ డ్రైవ్ (చివరి గేర్ల జత), డిఫరెన్షియల్ (మలుపుల రెండు టైర్లు వేరే వేరే స్పీడుతోని తిరగనిచ్చేది) మూడు కలిపి ఒకటే డబ్బాల పెడ్తరు, దాన్నే ట్రాన్సాక్సిల్ అంటరు, దాంట్ల నుంచి రెండు డ్రైవ్‌షాఫ్టులు సీదా ముందు టైర్లకు పోతయి. బొలెరో, స్కార్పియో, ఫార్చ్యూనర్, ఇన్నోవా క్రిస్టా లాంటి వాటిల గేర్‌బాక్స్ విడిగ ఉండి కింద నుంచి పొడుగు ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎనక యాక్సిల్ దాక పోతది, అవి ఆటోమేటిక్ అయినా ట్రాన్సాక్సిల్ కాదు. సెకండ్‌హ్యాండ్ బండి చూసేటప్పుడు ఇది పనికొస్తది, ఎందుకంటే చాన ట్రాన్సాక్సిల్ బండ్లల్ల డిఫరెన్షియల్ కూడ అదే గేర్ ఆయిల్‌ల మునిగి ఉంటది, ఆ ఒక్క ఆయిల్ ఖరాబైతే రెండిటికి దెబ్బ.

ఇగ టార్క్ కన్వర్టర్ సంగతి. ఇంజన్‌కు గేర్‌బాక్స్‌కు నడుమ క్లచ్ ప్లేట్ ఉండదు, ఆయిల్ నిండిన గుండ్రటి డబ్బా ఉంటది. దాంట్ల ఇంజన్‌తోని కలిసి తిరిగేది ఇంపెల్లర్, గేర్‌బాక్స్ షాఫ్ట్‌ను తిప్పేది టర్బైన్, రెండిటి నడుమ స్టేటర్. ఇంపెల్లర్ తిరుగుతుంటే ఆయిల్ జోరుగ పోయి టర్బైన్ రెక్కలకు తాకి దాన్ని తిప్పుతది, అక్కడ నుంచి తిరిగొచ్చే ఆయిల్‌ను స్టేటర్ మళ్లించి ఇంపెల్లర్‌కు సాయం అయ్యేటట్టు పంపుతది, అందుకే నిలబడ్డ బండి కదిలేటప్పుడు ఇంజన్ గుంజుడు బలం సుమారు రెండింతల దాక పెరిగి టైర్లకు అందుతది. ఐదుగురు కూసున్న బండి ఫ్లైఓవర్ ఎక్కుతూ నడుమల ఆగి మళ్ల కదలాలంటే ఈ బలం ఎంత పనికొస్తదో నడిపినోళ్లకు తెలుసు. బ్రేకు తొక్కి నిలబడ్డప్పుడు అక్కడ ప్లేట్లు రాసుకొని అరిగేది ఏం లేదు, ఆయిల్ వేడెక్కుతది, ఆ వేడిని కూలర్ తీసేస్తది. ఒక నష్టం మాత్రం ఉంది, ఆయిల్ నడుమ ఉంది కాబట్టి కొంత బలం జారిపోయి మైలేజీ తగ్గుతది, అందుకే ఒక స్పీడుకు వచ్చినంక లాకప్ క్లచ్ పడి ఇంపెల్లర్, టర్బైన్ రెండూ ఒకటైపోతయి. జనగామ దాటినంక హైవే మీద నిమ్మలంగ పోతుంటే ఆర్‌పీఎం ముల్లు జరంత కిందికి దిగుడు కనిపిస్తే అది లాకప్ పడ్డట్టే.

దాని ఎనక గేర్లు. మాన్యువల్ లెక్క ఒకదాన్ని విడిపించి ఇంకోదాన్ని కలిపే పని ఇక్కడ లేదు, ప్లానెటరీ గేర్లు ఉంటయి, నడుమ సన్ గేర్, దాని చుట్టు తిరిగే చిన్న గేర్లను పట్టుకున్న క్యారియర్, అన్నిటికి బయట రింగ్ గేర్. ఈ మూడిట్ల ఒకదాన్ని కదలకుండ ఆపి ఇంకోదాన్ని ఇంజన్‌తోని తిప్పితే మూడోది వేరే స్పీడుతోని తిరిగి బయటికొస్తది, ఏది ఆపుతున్నం ఏది తిప్పుతున్నం అనేది మారిస్తే గేరు మారినట్టు, క్యారియర్‌ను ఆపితే తిరుగుడు ఉల్టా అయ్యి రివర్స్ వస్తది. ఆపుడు, కలుపుడు పని చేసేవి ఆయిల్‌ల మునిగి ఉన్న క్లచ్ ప్లేట్ల కట్టలు, బ్రేకులు. వాటిని నొక్కిపట్టేది ఆయిల్ ప్రెషరే, ఆ ప్రెషర్ పుట్టించే పంపును ఇంజనే తిప్పుతది. అందుకే ఈ బండి బ్యాటరీ దిగితే నూకి స్టార్ట్ చేసుడు కుదరదు, మీరు ఎంత నూకినా పంపు తిరగదు, ప్రెషర్ రాదు, ఇంజన్‌కు టైర్లకు లింకే పడదు.

ఎప్పుడు ఏ క్లచ్ కట్టకు ఆయిల్ పోవాలె అనేది ఎవరు చెప్తరు అనేదే అసలు ముచ్చట. అమెరికాల జనరల్ మోటార్స్ 1939ల హైడ్రామాటిక్ తెచ్చినప్పుడు అంత ఆయిల్ ప్రెషర్, స్ప్రింగులు, వాల్వులే నిర్ణయించేవి, బండి స్పీడు పెరిగితే ఒక ప్రెషర్, యాక్సిలరేటర్ తొక్కితే ఇంకో ప్రెషర్, ఏది గెలిస్తే ఆ గేరు. ఇప్పుడు ఆ పని టీసీఎం అనే కంప్యూటర్ చేస్తది. దానికి ఏం తెలుస్తదంటే మీరు లివర్ ఎక్కడ పెట్టిన్రు, యాక్సిలరేటర్ ఎంత తొక్కిన్రు, ఇంజన్ ఎంత తిరుగుతుంది, టర్బైన్ షాఫ్ట్ ఎంత తిరుగుతుంది, బయటికొచ్చే షాఫ్ట్ ఎంత తిరుగుతుంది, ఆయిల్ ఎంత వేడిగ ఉంది, బ్రేకు తొక్కిన్రా లేదా, ఇవన్నీ సెన్సర్ల నుంచి ఆగకుండ వస్తనే ఉంటయి. అన్నీ లెక్కేసుకొని వాల్వ్ బాడీ (ఆయిల్ దారులున్న దిమ్మ) మీద ఉన్న సోలెనాయిడ్లకు, అంటే కరెంటుతోని కదిలే చిన్న వాల్వులకు, కరెంటు పంపుతది, కొన్ని సోలెనాయిడ్లు దారి తెరుసుడు మూసుడే చేస్తయి, కొన్ని ప్రెషర్‌ను కొంచెం కొంచెం పెంచుతయి తగ్గిస్తయి. గేరు మారే ఆ చిన్న క్షణంల ఒక క్లచ్ కట్ట వదులుతుంటే ఇంకోటి పట్టుకోవాలె, రెండూ ఒకేసారి పట్టుకుంటే జర్కు, రెండూ ఒకేసారి వదిలేస్తే ఇంజన్ ఊరికే అరుస్తది, అందుకే టీసీఎం ఇంజన్ కంప్యూటర్‌తోని మాట్లాడి ఆ క్షణం ఇంజన్ బలాన్ని కూడ జర తగ్గిపిస్తది. మనకు కూసున్నకాడ ఏం తెల్వదు.

ఇంకో గొప్ప పని చేస్తది, అది నేర్సుకుంటది. క్లచ్ ప్లేట్లు అరుగుతున్నా కొద్దీ అవి పట్టుకోనీకె ఆయిల్ ఎక్కువ టైం తీసుకుంటది, టీసీఎం ప్రతి షిఫ్ట్‌ను చూసి ఆ తేడాను గుర్తుపెట్టుకొని వచ్చేసారికి ప్రెషర్ సరిచేస్తది. అందుకే కొన్ని బండ్లల్ల బ్యాటరీ మార్చినంకనో టీసీఎం రీసెట్ చేసినంకనో కొన్నాళ్లు షిఫ్టులు గట్టిగ కొడ్తయి, భయపడకుర్రి, నిమ్మలంగ నడుపుతుంటే మళ్ల నేర్సుకుంటది, కొన్నిటికి స్కానర్‌తోని లెర్నింగ్ చేపియ్యాలె. ఇట్ల నేర్సుకునే పూర్తి ఎలక్ట్రానిక్ ట్రాన్సాక్సిల్‌ను క్రైస్లర్ కంపెనీ 1989 మోడల్ కార్లల్ల తెచ్చింది, అల్ట్రాడ్రైవ్ అని పేరు, మొదట్ల అది మస్తు ఇబ్బందులు పెట్టింది, అందుల ఒక పెద్ద కారణం దానికి కావాల్సిన ఆయిల్ కాకుండ వేరే రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోసుడు. ప్లేట్ల రాపిడి ఎంత ఉండాలె అనే లెక్క ఆ ఆయిల్‌ను బట్టే వేసిన్రు, ఆయిల్ మారితే కంప్యూటర్ లెక్క తప్పుతది. ఇప్పటి బండ్లకు కూడ అదే మాట, బండితోని ఇచ్చిన కంపెనీ పుస్తకంల ఏ ఏటీఎఫ్ రాసి ఉందో అదే, "ఏదైనా ఒకటే అన్నా" అన్న మెకానిక్ దగ్గర పొయ్యించకుర్రి.

టర్బైన్ షాఫ్ట్ స్పీడుకు, బయటికొచ్చే షాఫ్ట్ స్పీడుకు ఉండాల్సిన రేషియో (ఒకటి ఎంత తిరిగితే ఇంకోటి ఎంత తిరగాలె అనే లెక్క) గేరు గేరుకు ఫిక్స్. ఆ లెక్క తప్పిందంటే లోపల ఏదో జారుతుందని టీసీఎంకు తెలిసిపోతది, వెంటనే లైట్ వెలిగించి బండిని ఒకే గేర్ల పెట్టి పడేస్తది, స్పీడు రాదు కానీ ఇంటికో షెడ్డుకో చేరుకోవచ్చు, దాన్ని లింప్ మోడ్ అంటరు. ఇక్కడ ఒక మాట గట్టిగ చెప్పాలె. చిన్న స్కానర్ పెట్టి పీ0700 అనే తప్పు కోడ్ చూపించి "గేర్‌బాక్స్ పోయింది, దింపాలె" అనేటోళ్లు ఉన్నరు. పీ0700 అంటే టీసీఎంల ఏదో కోడ్ ఉంది, పోయి అక్కడ చదువు అని మాత్రమే అర్థం. టీసీఎంను చదివే స్కానర్ పెట్టిస్తే అసలు కోడ్ వస్తది, పీ0715 అయితే టర్బైన్ స్పీడు సెన్సర్ లైన్ల తేడా, అది సెన్సరో వైరో కనెక్టరో కావచ్చు, పీ0730 అయితే గేరు లెక్క నిజంగ తప్పుతుంది, అప్పుడు ఆయిల్, ప్రెషర్, సోలెనాయిడ్లు చూడాలె. సెన్సర్ మార్చుడుకు గేర్‌బాక్స్ దింపుడుకు నడుమ ఖర్చు తేడా వేలకు లక్షకు ఉన్నంత, కాబట్టి టీసీఎం కోడ్ చూపించకుండ డబ్బా ఇప్పుతా అంటే ఒప్పుకోకుర్రి.

ఈ రకం కావాలంటే బ్రెజా, ఎర్టిగా ఆటోమేటిక్‌లు 2022 నుంచి 6 గేర్ల టార్క్ కన్వర్టర్‌తోని వస్తున్నయి, ఫ్రాంక్స్ టర్బో, ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ పెట్రోల్, సోనెట్ డీజిల్, క్రెటా డీజిల్, కుషాక్ 1.0 వీటిల కూడ అదే చూస్తరు. ఒకటే పేరున్న బండిల ఇంజన్ మారితే డబ్బా మారుతది, ఫ్రాంక్స్ 1.2ల ఏఎంటీ, టర్బోల టార్క్ కన్వర్టర్, 3ఎక్స్‌ఓ పెట్రోల్‌ల ఇది, డీజిల్‌ల ఏఎంటీ, అందుకే బండి పేరు చూసి కాదు వేరియంట్ కాగితం చూసి మాట్లాడుర్రి. మోడళ్లు మారుతుంటయి, కొనే రోజు బ్రోచర్‌ల ఒకసారి మళ్ల చూసుకోర్రి.

ఇప్పుడు ఏఎంటీ. మన దేశంల ఆటోమేటిక్‌ను సామాన్యుల దగ్గరికి తెచ్చింది ఇదే, 2014ల సెలెరియోతోని మొదలైంది, మారుతి వాళ్లు ఏజీఎస్ అంటరు. ఇది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్ అన్నీ అట్లనే ఉంటయి, కాకపోతే మీ ఎడమ కాలు పని, ఎడమ చెయ్యి పని యాక్చుయేటర్లు అనే చిన్న మిషన్లు చేస్తయి, వాటికి కంప్యూటర్ ఆర్డర్ ఇస్తది. మాన్యువల్ కన్నా సుమారు 50 వేలు ఎక్కువ పెడితే వస్తది, మైలేజీ మాన్యువల్‌కు సమానం, ఇది చిన్న విషయం కాదు. కానీ గేరు మారిన ప్రతిసారి క్లచ్ విడవాలె, బలం తెగాలె, మళ్ల పట్టాలె, ఆ నడుమ తల జరంత ముందుకు ఊగుతది, గట్టిగ తొక్కితే ఇంకా తెలుస్తది. గేరు మారబోయే టైంకు యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం లేపితే మస్తు సాఫ్ అయితది, రెండు వారాలు నడిపితే కాలుకే అలవాటైతది.

ఏఎంటీతోని అసలు జాగ్రత్త జామ్‌ల, ఎత్తు మీద. నిదానంగ పాకుతున్నంతసేపు క్లచ్ ప్లేట్ సగం పట్టి సగం జారుతనే ఉంటది, అంటే అరుగుతనే ఉంటది, వేడెక్కుతనే ఉంటది. ఫ్లైఓవర్ ఎత్తు మీద బ్రేకు తొక్కకుండ యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టుడు చానమంది చేస్తరు, అది క్లచ్‌ను కాల్చుకునుడే, పూర్తిగ బ్రేకు మీద ఆపి సందు దొరికినప్పుడు ఒకేసారి కదలాలె. క్లచ్ పోతే మార్చుడు పెద్ద కష్టం కాదు, ప్లేట్లు దొరుకుతయి, చేసేటోళ్లు మన దగ్గర ఉన్నరు, కానీ కొత్త ప్లేట్ ఎక్కడ పట్టుకుంటదో కంప్యూటర్‌కు స్కానర్‌తోని నేర్పియ్యాలె, అది చెయ్యకుండ ఇచ్చేస్తే బండి కదిలేటప్పుడు వణుకుతది, అప్పుడు ప్లేట్ మంచిది కాదని మళ్ల మార్పిస్తరు. వ్యాగన్ఆర్, టియాగో, ఎక్స్‌టర్ ఏఎంటీలు బడ్జెట్ 8, 9 లక్షలల్ల ఆపుకునేటోళ్లకు, ఒక్కరో ఇద్దరో ఎక్కి ఊర్ల తిరిగేటోళ్లకు సరిపోతయి, మనస్ఫూర్తిగ చెప్తున్న.

సీవీటీ వేరే లోకం. దాంట్ల గేర్లే లేవు, రెండు కోను పుల్లీల నడుమ స్టీలు బెల్టు తిరుగుతది, పుల్లీ సందు దగ్గరైతే బెల్టు పైకి ఎక్కుతది, దూరమైతే లోపలికి దిగుతది, అట్ల రేషియో ఎక్కడా తెగకుండ మారుతనే ఉంటది. పిండి గిర్నీల పెద్ద పుల్లీకి చిన్న పుల్లీకి బెల్టు వేసి రాయి స్పీడు మారుస్తరు కదా, ఇక్కడ పుల్లీయే నడుస్తూ నడుస్తూ సైజు మార్చుకుంటది అనుకోర్రి. పుల్లీని నొక్కేది ఆయిల్ ప్రెషర్, ఎంత నొక్కాలె అనేది టీసీఎం చెప్తది, తక్కువ నొక్కితే బెల్టు జారి గీతలు పడ్తయి, ఎక్కువ నొక్కితే మైలేజీ పోతది. కార్లల్ల ఈ పద్ధతిని 1958ల హాలండ్‌ల డాఫ్ కంపెనీ రబ్బరు బెల్టులతోని మొదలువెట్టింది, స్టీలు బెల్టు తర్వాత వచ్చింది. హోండా సిటీ, అమేజ్, మాగ్నైట్ టర్బో, క్రెటా 1.5 పెట్రోల్ (టర్బో లేనిది) ఆటోమేటిక్ ఈ రకమే, హ్యుందాయ్ వాళ్లు ఐవీటీ అంటరు. వీటిల కూడ కదిలేటప్పటికి టార్క్ కన్వర్టర్ పెట్టేవి చాన ఉన్నయి.

సీవీటీ అంత సాఫ్‌గ ఏదీ నడవదు, ఎనక సీట్ల అమ్మ నాయన కూసుంటే వాళ్లకు జర్కు అనేదే తెల్వదు. మెల్లగ తోలేటోళ్లకు మైలేజీ కూడ బాగనే ఇస్తది. కానీ ఒక్కసారిగ పూర్తిగ తొక్కితే ముందు ఇంజన్ అరుస్తది, తర్వాత స్పీడు వస్తది, ఆ నడుమ గ్యాప్ కొందరికి అస్సలు నచ్చదు. భూపాలపల్లి దిక్కు పోతూ బొగ్గు లారీని దాటాలనుకున్నప్పుడు ఆ గ్యాప్ లెక్కల పెట్టుకోవాలె. దీనికి సీవీటీ ఆయిలే వెయ్యాలె, మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారుతది, బెల్టు పుల్లీ ఖరాబైతే రిపేరు కన్న డబ్బా మార్చుడే ఎక్కువ అయితది.

డీసీటీ అంటే రెండు క్లచ్‌లు, ఒకటి 1, 3, 5 గేర్లకు, ఇంకోటి 2, 4, 6 గేర్లకు. మీరు మూడుల పోతుంటే నాలుగు ముందే రెడీగ ఉంటది, ఈ క్లచ్ వదులుతుంటనే ఆ క్లచ్ పడ్తది, షిఫ్ట్ అయిన సంగతే తెల్వదు. 2003ల ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్32ల మొదటిసారి మామూలు జనం కొనే కారుల వచ్చింది. ఖాళీ రోడ్డు మీద దీని మజా దీనిదే, దబ్బున ముందుకు పోతది, మైలేజీ కూడ ఇస్తది. ఇబ్బంది ఎక్కడంటే లోపల ఉన్నవి క్లచ్‌లే కాబట్టి ఏఎంటీకి చెప్పిన జారుడు కథ ఇక్కడా ఉంటది, పొడి క్లచ్ అయితే వేడి పోనీకె గాలి తప్ప దారి లేదు, ఆయిల్‌ల మునిగిన తడి క్లచ్ అయితే కొంత నయం. వెన్యూ, సోనెట్ టర్బో పెట్రోల్, టైగున్ 1.5 డీఎస్‌జీ (ఫోక్స్‌వాగన్ వాళ్లు డీసీటీకి పెట్టిన పేరు) వీటిల 7 గేర్ల డీసీటీ వస్తది, టాటా వాళ్లు ఆల్ట్రోజ్‌ల 2022ల తెచ్చిన డీసీఏ తడి క్లచ్ రకం. టెంపరేచర్ ఎక్కువైతే డాష్‌బోర్డ్ మీద హెచ్చరిక వస్తది, అప్పుడు పక్కకు ఆపి లివర్‌ను పీ (పార్క్)ల పెట్టి చల్లారనియ్యాలె, దాన్ని పట్టించుకోకుండ పాకించుకుంట పోతే క్లచ్ ప్యాక్ ఖర్చు మీద పడ్తది, అది ఏఎంటీ ప్లేట్ అంత చవక కాదు.

హైరైడర్, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లల్ల ఈ-సీవీటీ అని రాస్తరు, దాంట్ల బెల్టు లేదు, ప్లానెటరీ గేరు సెట్టుకు ఇంజన్‌ను, రెండు మోటార్లను కలిపి నడిపిస్తరు, మన జామ్‌లకు చాన బాగుంటది, రేటు మాత్రం ఎక్కువ. ఎలక్ట్రిక్ బండ్లకు మామూలుగ ఒకటే గేరు, వాటికి ఈ గొడవే లేదు.

ఇక మన రోడ్ల సంగతి, నా ఎంపిక వీటిని బట్టే. హన్మకొండ చౌరస్తాల సాయంత్రం, పండుగల ముందు వరంగల్ బజార్‌ల పాకుడే పాకుడు. హైదరాబాద్ పోయేటోళ్లకు భువనగిరి దాటేదాక హాయి, ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్ దాక మళ్ల పాకుడు. రామగుండం, గోదావరిఖని దిక్కు మేల ఎండ 44 దాటుతది, ఆ ఎండల ఏసీ ఫుల్ పెట్టి జామ్‌ల నిలబడితే ఏ గేర్‌బాక్స్‌కైనా పరీక్షే. ఇగ రెండేండ్లకోసారి మేడారం జాతర, పస్రా నుంచి తాడ్వాయి దాటి గద్దెల దాక బండ్లు గంటల తరబడి అడుగు అడుగు జరుగుతయి, బండి నిండ మనుషులు, పైన బెల్లం, సామాను. ఆ రోజు క్లచ్ జారి నడిచే ఏఎంటీ, పొడి క్లచ్ డీసీటీల మీద పడే భారం చూస్తే నాకు బాధ అయితది, టార్క్ కన్వర్టర్ బండికి అది ఆయిల్ వేడి మాత్రమే, ఆయిల్ వేడెక్కితే టీసీఎం షిఫ్టులు లాకప్ మార్చుకొని వేడి తగ్గించే ప్రయత్నం కూడ చేస్తది. నిర్మల్ దిక్కు మహబూబ్‌ఘాట్ ఎక్కుడు దిగుడు ఉన్నోళ్లకు కూడ అదే మాట, దిగేటప్పుడు ఏ రకమైనా డీ (డ్రైవ్)ల వదిలేసి బ్రేకుల మీదనే ఆధారపడకుర్రి, మాన్యువల్ మోడ్‌ల 2 లేదా ఎల్‌ల పెడితే ఇంజన్ పట్టుకుంటది.

ములుగు దాటి ఏటూరునాగారం దిక్కు ఎదురు బండ్లు చూసుకుంట లారీని దాటాలె. అట్లాంటి రోడ్డు రోజూ ఉన్నోళ్లకు డీసీటీ లేదా టార్క్ కన్వర్టర్ తొక్కంగనే రెండు గేర్లు దిగి పరుగెత్తుతది, ఏఎంటీ దిగడానికి ఆలోచించినట్టు ఆగుతది, దాటుడు మొదలువెట్టకముందే మాన్యువల్ మోడ్‌ల ఒక గేరు దింపుకోవాలె. ప్రాణం కన్న ఎక్కువేం లేదు, ఏఎంటీ ఉన్న ఇంట్ల డ్రైవింగ్ చేసే ప్రతి ఒక్కరికి ఇది నేర్పియ్యుర్రి.

రేటు లెక్క చూస్తే ఏఎంటీకి మాన్యువల్ మీద 50 వేల చుట్టు, టార్క్ కన్వర్టర్‌కో సీవీటీకో లక్ష నుంచి లక్షన్నర దాక, డీసీటీ దానికి అటు ఇటు. పదేళ్లకు పంచుకుంటే ఆ లక్ష పెద్దగ అనిపించదు, కానీ లోన్ కిస్తీ మీదనే బతుకు నడిచే ఇంట్ల ఆ లక్ష పెద్దదే. అట్లాంటోళ్లు ఏఎంటీ తీసుకొని జాతరకు బస్సుల పోయినా తప్పేం లేదు, ఆర్టీసీ బస్సు గద్దెల దగ్గర దాక దింపుతది.

టెస్ట్ డ్రైవ్‌కు షోరూం వాళ్లు ఖాళీ రోడ్డు మీద ఒక చక్కరు కొట్టించి తెస్తరు, దాంట్ల ఏం తెల్వదు. సాయంత్రం ట్రాఫిక్ టైంకు పోయి అడుగుర్రి, ఇంటోళ్లను కూసుండబెట్టుర్రి. ఎత్తు మీద పూర్తిగ ఆపి బ్రేకు వదిలితే బండి ఎనకకు జారుతుందా, హిల్ హోల్డ్ ఉందా చూడుర్రి. రివర్స్‌ల ఇంచు ఇంచు జరపండి అని చెప్పి ఇరుకు సందుల పెట్టించుర్రి, ఏఎంటీ, డీసీటీల అసలు రంగు అక్కడే బయటపడ్తది. అమ్మలాంటి పెద్దోళ్లు నడపాలంటే ఈ రివర్స్ పరీక్షే అన్నిటికన్న ముఖ్యం.

సెకండ్‌హ్యాండ్ ఆటోమేటిక్ అయితే ఇంకా జాగ్రత్త. పొద్దున బండి చల్లగ ఉన్నప్పుడు ఒకసారి, అర్ధగంట నడిపి వేడెక్కినంక ఒకసారి, రెండు సార్లు బ్రేకు తొక్కి ఎన్ (న్యూట్రల్) నుంచి డీకి, డీ నుంచి ఆర్ (రివర్స్)కు వెయ్యుర్రి, ఒక సెకండ్ చుట్టుల పట్టుకోవాలె, రెండు మూడు సెకండ్లు ఆలోచించి దడ్డుమని పడితే లోపల ప్రెషర్ పనో ప్లేట్ల పనో ఉన్నట్టు. ఏటీఎఫ్ చూపియ్యమనుర్రి, నల్లగ అయి కాలిన వాసన వస్తే వద్దు. పాల లెక్క తెల్లగులాబి రంగుకు తిరిగిందంటే నీళ్లు కలిసినయి, రేడియేటర్‌ల ఉన్న ఆయిల్ కూలర్ లోపల లీకైనా అట్లనే అయితది, బండి వరదల మునిగినా అట్లనే అయితది, గేర్‌బాక్స్ బ్రీథర్ (గాలి ఆడే చిన్న రంధ్రం) నుంచి నీళ్లు లోపలికి పోతయి. 2023 జులై వరదల వరంగల్ కాలనీలల్ల, మోరంచపల్లిల ఎన్ని బండ్లు మునిగినయో మనం చూసినం, కాబట్టి ఇన్సూరెన్స్ క్లెయిమ్ హిస్టరీ అడుగుర్రి, సీటు కింద కార్పెట్ లేపి మట్టి ఉందా చూడుర్రి, టీసీఎం కనెక్టర్‌ల పచ్చగ తుప్పు ఉందా చూపించుర్రి. సర్వీస్ కాగితాలల్ల ఏటీఎఫ్ ఎప్పుడు మార్చిన్రో రాసి ఉంటే ఆ బండికి పది వేలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు. లైఫ్‌టైమ్ ఆయిల్ అని కొన్ని కంపెనీలు అంటయి, మన ఎండకు జామ్‌కు నా సలహా 60 వేల కిలోమీటర్ల దగ్గర మార్పియ్యుడే. లెవల్ చూసే పద్ధతి కూడ బండి బండికి వేరు, చానవాటికి డిప్‌స్టిక్ ఉండదు, ఇంజన్ ఆన్‌ల ఉండి ఆయిల్ చెప్పిన టెంపరేచర్‌కు వచ్చినప్పుడే ప్లగ్ తీసి చూడాలె, అది తెలిసిన షెడ్డులనే ఇయ్యుర్రి.

ఏ రకం కొన్నా రోజువారీ అలవాట్లు రెండు మూడే. ఎత్తు మీద పార్క్ చేసేటప్పుడు బ్రేకు తొక్కి ఎన్‌ల పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, కాలు వదిలి బండి భారం హ్యాండ్‌బ్రేక్ మీద కూసున్నంక మళ్ల బ్రేకు తొక్కి పీల వెయ్యుర్రి, పీ ఉన్న బండ్లల్ల అది లోపల చిన్న కొక్కెమే, బండి భారమంత దాని మీద వెయ్యొద్దు. ఏఎంటీలల్ల చానవాటికి పీ ఉండదు, గేర్ల పెట్టి ఆపి హ్యాండ్‌బ్రేక్ వెయ్యాలె. బండి పూర్తిగ ఆగకముందే డీ నుంచి ఆర్‌కు కొట్టకుర్రి. లివర్ పీ నుంచి కదలకపోతే గేర్‌బాక్స్ పోయిందని కంగారు పడకుర్రి, బ్రేకు లైట్ స్విచ్ పనిచెయ్యకపోయినా బ్యాటరీ దిగినా లాక్ వదలదు, చాన బండ్లల్ల లివర్ పక్కన చిన్న మూత కింద షిఫ్ట్ లాక్ రిలీజ్ ఉంటది, ఎక్కడుందో ఇవాళే చూసిపెట్టుకోర్రి. ఇక తాడ్వాయి అడవిలనో ఇంకెక్కడనో బండి ఆగిపోతే ట్రాక్టర్‌కు తాడు కట్టి గుంజిపియ్యకుర్రి, ఇంజన్ ఆఫ్‌ల ఉంటే పంపు తిరగదు, టైర్లు తిరుగుతుంటే లోపల గేర్లు ఆయిల్ అందక మాడిపోతయి. ముందు టైర్లు నేల మీద లేకుండ ఎత్తుకపోయే బండి, లేదా పూర్తిగ పైకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ పంపమని ఇన్సూరెన్స్ రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కు ఫోన్‌లనే "ఆటోమేటిక్, ముందు టైర్ల డ్రైవ్" అని చెప్పుర్రి, ఆ నంబర్ ఫోన్‌లనే కాదు డాష్‌బోర్డ్ కాగితాలల్ల కూడ రాసి పెట్టుర్రి.